చేతులెత్తినా పైకి జరగని జెర్సీ: కడపలో మా టీమ్‌కు డ్రెస్సులు కుట్టిన దుకాణం

పోయిన ఆగస్టులో మా బడి ఆడపిల్లల వాలీబాల్ టీమ్‌కు కడపలో 12 జతల డ్రెస్సులు కుట్టించాను. దుకాణం వై.వి. స్ట్రీట్ దగ్గర ఒక సందులో ఉంది. బోర్డు మీద పేరేమీ లేదు, ‘ఇచ్చట ఆటల డ్రెస్సులు కుట్టబడును’ అని మాత్రం రాసి ఉంటుంది. కింద జెరాక్సు షాపు, పక్కనే ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. నడిపేది అరవై దాటిన ఒక భాయ్, ఆయన కొడుకు, కోడలు. ఆ డ్రెస్సులు ఆరు నెలలు వాడి, ఉతికి, ఎండలో ఆరేసి, మ్యాచ్‌లు ఆడి చూశాక ఇది రాస్తున్నాను. పొడుగు ఆడపిల్లలున్న అమ్మానాన్నలు, వాళ్లకు ఆట నేర్పే టీచర్లు ఓపిగ్గా చదవండి.

నేను మైదుకూరు రోడ్డులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. చదువుకునే రోజుల్లో జిల్లా టీమ్‌కు ఆడాను. అప్పుడు మాకు మగపిల్లలు వాడి వదిలేసిన జెర్సీలే ఇచ్చేవాళ్లు. మా జేజి నన్ను చూసినప్పుడల్లా ‘ఇంగ ఎంత పెరుగుతావే, నీకు మొగుణ్ణి యాడ తేవాల’ అనేది. ఆ మాట వింటూ వింటూ నాకు వంగి నడవడం అలవాటైంది. ఇప్పటికీ ఫొటో దిగేటప్పుడు భుజాలు ముందుకు పడతాయి. అందుకే మా పిల్లల డ్రెస్సు విషయంలో నేను అంత పట్టుబట్టాను.

అంతకు ముందు ఏడాది డ్రెస్సులు ఆన్‌లైన్లో తెప్పించాం. ఏ వెబ్‌సైటో చెప్పను. మన దగ్గర దొరికే రెడీమేడ్ జెర్సీలన్నిటిదీ దాదాపు ఇదే కథ. మా పిల్లలు సన్నంగా పొడుగ్గా ఉంటారు. సైజు పెరిగేకొద్దీ ఆ జెర్సీలు వెడల్పు పెరుగుతాయి, పొడుగు మాత్రం ఒక అంగుళమో అంగుళంన్నరో పెరుగుతుంది. ఎం సైజు వేస్తే బొడ్డు దగ్గర ఆగిపోయేది. ఎక్స్‌ఎల్ వేస్తే భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారేది, గాలికి గోనెసంచిలా ఊగేది.

మా టీమ్‌లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. ఎత్తు 180 సెంటీమీటర్లు. స్మాష్‌కు లేచినప్పుడు కుడి చెయ్యి బంతి మీదికి బాగానే పోయేది, ఎడమ చెయ్యి మాత్రం నడుం దగ్గరే ఉండిపోయేది. రెండు నెలలు దాన్ని టెక్నిక్ తప్పే అనుకున్నాను. ‘ఎడమ చెయ్యి ఎత్తు, బంతికి గురి పెట్టు’ అని గొంతు పోయేలా అరిచాను. ఒక సాయంత్రం ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే అప్పుడు అర్థమైంది. గాల్లోకి లేచిన ఆ క్షణంలో ఆ పిల్ల ఎడమ చేత్తో జెర్సీ అంచు పట్టుకుని కిందికి లాగుతోంది. రెండు వేళ్ల మధ్య ఆ గుడ్డ నలిగిపోయి కనబడింది. బడి ప్రహరీ గోడ మీద రోజూ మగపిల్లలు కూర్చుని ఉంటారు. నడుం కనబడుతుందేమోనని పిల్లకు భయం. నాకు చెప్పలేకపోయింది, నేనూ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పిల్లలందరినీ స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో ఎకటెరీనా గామోవా ఆట చూపించాను. రష్యా వాళ్ల ఆపోజిట్ ప్లేయర్, మనవాళ్ల భాషలో చెప్పాలంటే రైట్ సైడ్ స్మాషర్. నా తరం ఆడపిల్లల్లో వాలీబాల్ ఆడినవాళ్లకు గామోవా అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. 1980 అక్టోబర్ 17న చెల్యాబిన్స్క్ అనే ఊళ్లో పుట్టింది. ఎత్తు 2.02 మీటర్లు. ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. అంటే ఊరికే నిలబడితేనే ఆమె తలకూ నెట్ పైఅంచుకూ మధ్య 22 సెంటీమీటర్లే తేడా. ఒక జానెడు. పిల్లలు స్కేలు తెచ్చి గోడ మీద గామోవా ఎత్తు దగ్గర గీత గీసి చూసుకున్నారు. ఆ గీత కింద మా పొడుగు పిల్లను నిలబెడితే, అందరికన్నా పొడుగైన ఆ పిల్ల కూడా ఆ గీతకు 22 సెంటీమీటర్లు కిందే ఉంది. మొదటిసారి ఆ పిల్ల తల పైకెత్తి ఒక గీత వైపు చూడటం చూశాను.

నేను చూపించింది 2010 నవంబర్ 14న టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. రష్యా, బ్రెజిల్. ఐదు సెట్ల దాకా పోయింది, చివరి సెట్ 15-11తో రష్యా గెలిచింది. ఆ ఒక్క మ్యాచ్‌లో గామోవా 35 పాయింట్లు కొట్టింది. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. నేను బంతిని చూడొద్దన్నాను, స్కోరు చూడొద్దన్నాను, ఆమె ఎడమ చెయ్యి మాత్రం చూడమన్నాను. లిఫ్టర్ (స్మాష్‌కు బంతి అందించే ప్లేయర్) బంతి ఎత్తగానే రెండు చేతులూ వెనక్కి పోతాయి, రెండూ కలిసి పైకి లేస్తాయి, ఎడమ చెయ్యి బంతి వైపు చాచి ఉంటుంది, ఆ చెయ్యి కిందికి దిగుతుంటే కుడి చెయ్యి పైనుంచి వస్తుంది. ఎడమ చెయ్యి లేవకపోతే భుజం తిరగదు, భుజం తిరగకపోతే దెబ్బలో బలం ఉండదు. ‘మేడం, ఆమె చొక్కా పైకి జరగట్లేదు’ అంది మా లిఫ్టర్ పిల్ల. నేను దుకాణం వెతుక్కుంటూ బయల్దేరింది ఆ మాట వల్లే.

మూడు చోట్ల అడిగాను. రెండు చోట్ల ‘సైజులు చెప్పండి, బెంగళూరు నుంచి తెప్పిస్తాం’ అన్నారు. మూడోది ఈ భాయ్ దుకాణం. పిల్లల్ని తీసుకురమ్మన్నాడు, పిల్లల్ని చూడకుండా కొలత తీసుకోనన్నాడు. ఆదివారం పూట 12 మందినీ బస్సులో తీసుకుపోయాను.

అక్కడ నాకు బాగా నచ్చింది కొలతలు తీసుకునే పద్ధతి. లోపలి గదికి పరదా ఉంది. పరదా లోపల కోడలు టేపుతో కొలుస్తుంది, బయట భాయ్ పుస్తకంలో రాసుకుంటాడు. ఆడపిల్లల మీద మగ టైలర్ చెయ్యి పడదు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు ఎప్పుడూ పన్నెండు మంది ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని టైలర్ దగ్గరికి పోయి ఉండరు. భాయ్ బయటి నుంచే చెబుతాడు: ‘ఊరికే నిలబడితే ఏం తెలుస్తాది టీచరమ్మా? ఆట ఆడినట్టు చేతులెత్తమను.’ పిల్ల చేతులెత్తుతుంది. ‘ఎంత పోయింది పైకి?’ అంటాడు. ‘నాలుగు’ అంటుంది కోడలు. ఒక్కో పిల్లకు మూడు కొలతలు, నిలబడినప్పుడు, చేతులెత్తినప్పుడు, డిఫెన్స్‌లో వంగినప్పుడు. నా ఇన్నేళ్ల ఆటలో ఎవరూ నన్ను అలా కొలవలేదు.

పొడుగు పెంచితే సరిపోతుంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పాత జెర్సీ ఒకటి తీసి చంక దగ్గర వేలు పెట్టి చూపించాడు. ‘ఈడ గుడ్డ పట్టేస్తే మొత్తం చొక్కాను ఇదే లాగుతాది. కింద ఎంత వదిలినా లాభంల్యా.’ చంక కింద చిన్న డైమండ్ ఆకారపు ముక్క వేసి కుట్టాడు. అరచేతిలో సగం కూడా ఉండదు ఆ ముక్క. చెయ్యి ఎత్తినప్పుడు ఆ ముక్క సాగుతుంది, నడుం దగ్గరి అంచు కదలదు. పొడుగు రెండు అంగుళాలే పెంచాడు. కింద మడతలో లోపల ఇంకో రెండు అంగుళాల గుడ్డ దాచిపెట్టాడు. ‘ఎదిగే పిల్లలు, వచ్చే ఏడాది విప్పుకుంటారు’ అన్నాడు.

గుడ్డ డాట్ నిట్, ఆటల జెర్సీలకు వాడే అల్లిక గుడ్డ. రెండు రకాలు చూపించాడు, పలచనిది, కొంచెం మందమైనది. ఆయన కొడుకు రెండిటి మీదా నీళ్లు చల్లి వెలుతురుకు పట్టి చూపించాడు. లేత రంగు తడిస్తే ఒంటికి అతుక్కుని లోపలిది కనబడుతుంది. కడప ఎండలో రెండు సర్వీసులకే తడిసిపోతాం కాబట్టి ముదురు నీలం తీసుకున్నాం, మందమైన గుడ్డలో. లిబరో పిల్లకు, అంటే వెనక ఉండి డిఫెన్స్ మాత్రమే ఆడే పిల్లకు, మిగతావాళ్లతో కలవని రంగు ఉండాలి, అది ఆట రూలు. ఆమెకు నారింజ రంగు. షార్ట్‌ల విషయంలో పిల్లల్ని అడిగే నిర్ణయించాం. ఐదుగురు మోకాళ్ల దాకా కావాలన్నారు, ఏడుగురు కొంచెం పొట్టివి. నేను ఎవరినీ బలవంతపెట్టలేదు, ఆయనా మారుమాట్లాడకుండా రెండు రకాలూ కుట్టాడు. నడుముకు ఎలాస్టిక్‌తో పాటు లోపల నాడా. డైవ్ కొట్టి లేచినప్పుడు జారదు.

నంబర్ల కొలతలు కాగితం మీద రాసి ఇచ్చాను. ముందు నంబరు ఎత్తు కనీసం 15 సెంటీమీటర్లు, వెనక నంబరు కనీసం 20, గీత వెడల్పు కనీసం 2. చాలా దుకాణాల్లో చిన్న నంబర్లు వేసి ఇస్తారు, రిఫరీ ఒప్పుకోకపోతే పిల్లలు ఏడుస్తారు. ఈయన ముందు అట్టముక్క మీద కోసి, స్కేలు పెట్టి కొలిచి, తర్వాతే వేశాడు. 11 నంబరు ఎవరికి అని అడిగితే మా పొడుగు పిల్ల చెయ్యెత్తింది. రష్యా జెర్సీలో గామోవా నంబరు 11. ఎడమ చెయ్యే ఎత్తింది.

ఇక లోపాలు. శుక్రవారం ఇస్తానన్నాడు, ఆదివారం రాత్రి ఎనిమిదికి ఇచ్చాడు. సోమవారం పొద్దున మండల పోటీలు. ఆ రెండు రోజులూ నేను పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఫోన్ చేస్తే ‘అయిపోతాది టీచరమ్మా’ అనడమే. పని ఎక్కువ ఉన్నప్పుడు ఆ మాట చెప్పేస్తే బాగుంటుంది. కాబట్టి మీకు కావాల్సిన తేదీకి వారం ముందు తేదీ చెప్పండి. రెండోది, కెప్టెన్ జెర్సీకి ఛాతీ నంబరు కింద 8 సెంటీమీటర్ల పొడుగు, 2 సెంటీమీటర్ల వెడల్పు గీత ఉండాలి. అది మర్చిపోయాడు. నేను అదే రాత్రి మెట్ల మీద నిలబడి వేయించుకుని వచ్చాను. మూడోది, మూడు ఉతుకుల తర్వాత రెండు జెర్సీల మీద నంబరు అంచులు లేచాయి. తీసుకుపోతే డబ్బులడక్కుండా మళ్లీ మెషిన్‌లో పెట్టి ఒత్తి ఇచ్చాడు. తిరగేసి ఉతకమన్నాడు, వేడినీళ్లు వద్దన్నాడు, నంబరు మీద ఇస్త్రీ పెట్టొద్దన్నాడు. అప్పటినుంచి ఒక్కటీ లేవలేదు.

ధర జతకు 650 రూపాయలు. 12 జతలకు 7,800. అడ్వాన్స్ 3,000 ఇచ్చాను. పూర్వ విద్యార్థులు ఇచ్చిన 10,000 చందాలో ఇది పోగా మిగిలిన దాంట్లో మోకాలి ప్యాడ్లు కొన్నాం. ఆన్‌లైన్లో ఇంతకు తక్కువలో దొరుకుతాయి, అది నిజమే. అయినా నేను మళ్లీ అటు పోను. చేతిరాత బిల్లే ఇస్తాడు, స్టాంపు వేయమంటే వేస్తాడు, బడి లెక్కల్లో అది చెల్లింది.

సోమవారం మండల పోటీల్లో మొదటి మ్యాచ్. మా పిల్ల మొదటి స్మాష్‌కు లేచింది. నేను బంతిని చూడలేదు. ఎడమ చెయ్యి చూశాను. పైకి లేచింది, వేళ్లు చాచి బంతి వైపు. బంతి బయట పడింది, పాయింటు పోయింది. నేను బెంచీ మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. పక్క టీమ్ పీఈటీ సార్ నన్ను వింతగా చూశాడు. కొట్టిన మూడో స్మాష్ కోర్టు లోపల పడింది, ఆ తర్వాత పడుతూనే ఉన్నాయి. మండలం గెలిచాం. డివిజన్‌లో రెండో మ్యాచ్‌లోనే ఓడిపోయాం, మొదటి సెట్ గెలిచి కూడా, మూడో సెట్‌లో రెండు పాయింట్ల తేడాతో. తిరుగు బస్సులో ఒక్క పిల్లా మాట్లాడలేదు. చేతికొచ్చిన మ్యాచ్ పోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అప్పుడు వాళ్లకు గామోవా ఓటముల గురించి చెప్పాను. 2000లో సిడ్నీ ఒలింపిక్ ఫైనల్. అప్పుడామెకు ఇంకా 20 నిండలేదు. క్యూబా మీద రష్యా రెండు సెట్లు గెలిచి, తర్వాత మూడూ ఓడిపోయింది. నాలుగేళ్లకు ఏథెన్స్. సెమీ ఫైనల్లో బ్రెజిల్ 2-1 సెట్లతో ముందుంది, నాలుగో సెట్‌లో 24-19. ఒక్క పాయింటు కొడితే బ్రెజిల్ ఫైనల్లో ఉండేది. రష్యా ఆ సెట్‌ను 28-26తో లాక్కుంది, ఐదో సెట్ 16-14తో గెలిచింది. అంత పోరాడి ఫైనల్‌కు పోయి, చైనా మీద మళ్లీ మొదటి రెండు సెట్లూ గెలిచి, మళ్లీ మిగతా మూడూ ఓడిపోయారు. చివరి సెట్ 15-12. రెండుసార్లూ వెండి పతకమే. రెండుసార్లూ కోచ్ నికొలాయ్ కార్పోల్, సైడ్ లైన్ దగ్గర ఆయన అరుపులు ప్రపంచమంతా ఎరుగుదురు. ఉరలోచ్కా క్లబ్‌లోనూ ఆమె ఆయన దగ్గరే ఆడింది. నేను ఆ ఫైనల్స్ వీడియోలు చూసిన ప్రతిసారీ కార్పోల్‌ను చూసి, మన పిల్లల మీద నేను అరిచిన అరుపులు గుర్తొచ్చి బాధపడతాను. ఎడమ చెయ్యి గురించి అరిచినవి మరీ.

‘మరి బంగారం ఎప్పుడొచ్చింది మేడం?’ అంది లిబరో పిల్ల. ఒలింపిక్ బంగారం రాలేదని చెప్పాను. 2006లో జపాన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ వచ్చింది, ఫైనల్లో బ్రెజిల్ మీదే, ఐదో సెట్ 15-13. 2010లో మళ్లీ. 2012లో లండన్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అదే బ్రెజిల్ మీద రష్యాకు ఆరు మ్యాచ్ పాయింట్లు, అంటే ఇంకొక్క పాయింటు కొడితే మ్యాచ్ గెలిచే అవకాశాలు, వచ్చాయి, ఆరూ చేజారాయి, ఐదో సెట్ 21-19తో బ్రెజిల్ గెలిచి చివరికి బంగారం కూడా పట్టుకుపోయింది. ఆ తర్వాత కూడా ఆమె ఆట ఆపలేదు. 2014లో డైనమో కజాన్ క్లబ్‌తో యూరప్ చాంపియన్స్ లీగ్, అదే ఏడాది ప్రపంచ క్లబ్ చాంపియన్‌షిప్ గెలిచింది. 2016లో ఆట వదిలేసింది. డైనమో మాస్కో, టర్కీలో ఫెనర్‌బాచే, ఇలా ఆమె ఆడిన క్లబ్బుల పేర్లు కూడా చెప్పాను, పిల్లలకు ఆ పేర్లు నోరు తిరగలేదు. ఆరు మ్యాచ్ పాయింట్లు అన్న మాట మాత్రం బస్సు ఖాజీపేట చేరేదాకా చర్చించుకుంటూనే ఉన్నారు. ఒక్కో పాయింటుకూ ఎవరు సర్వీస్ చేసి ఉంటారు, ఎవరు బ్లాక్ చేసి ఉంటారు అని.

సంక్రాంతి సెలవుల తర్వాత మా పొడుగు పిల్ల ఎత్తు మళ్లీ కొలిచాను. 183. జెర్సీ చేతులెత్తితే కొంచెం పైకి పోతోంది. ఎవరూ చెప్పకుండా ఆ పిల్లే నా దగ్గరికొచ్చి ‘మేడం, లోపలి మడత విప్పించాల’ అంది. శనివారం సాయంత్రం ఇద్దరం కడపకు పోయాం. భాయ్ పుస్తకం తీసి పాత కొలత వెతికాడు, పిల్లను పైకీ కిందికీ చూసి ‘మూడు పెరిగినావా పాపా, మంచిది’ అన్నాడు. కోడలు పరదా వెనక మళ్లీ చేతులెత్తించి కొలిచింది. మడత ఒక అంగుళం విప్పి, మిగతా అంగుళం లోపలే ఉంచి కుట్టాడు. 20 రూపాయలు తీసుకున్నాడు.

దుకాణం శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా. పిల్లల్ని తప్పకుండా వెంట తీసుకుపోండి.